రాక్‌ఫర్డ్‌లో పాత టికెట్ కౌంటర్

షికాగోలో అమ్మాయి దగ్గర నెల రోజులున్నాను. తను చాలానే చూపించింది గానీ, నా మనసులో నిలిచిపోయింది మాత్రం రాక్‌ఫర్డ్‌లో గడిపిన ఒక్క మధ్యాహ్నమే.

ఓహేర్ ఎయిర్‌పోర్ట్ నుంచి బస్సులో వెళ్ళాం. రోడ్డు పనుల వల్ల రెండున్నర గంటలు పట్టింది. దిగాక క్యాబ్‌కి ఇచ్చిన డబ్బుతో మన దగ్గర వారం కూరగాయలు వస్తాయి. పైగా డ్రైవర్‌కి బేయర్ స్టేడియం ఎక్కడుందో తెలియదు, పీచెస్ పేరే వినలేదట. పీచెస్ అంటే ఆ ఊరి అమ్మాయిల బేస్‌బాల్ జట్టు. అది 1945లో, మళ్ళీ 48, 49, 50లో వరసగా ఛాంపియన్ అయింది. ఆ ఊళ్ళో బండి నడిపే మనిషికి అది తెలియకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

తీరా వెళితే స్టేడియం లేదు, ఎప్పుడో కూల్చేశారు. మైదానాన్ని మాత్రం తర్వాత బాగుచేశారు. అప్పటి టికెట్ కౌంటర్ ఒక్కటి ఇంకా నిలబడి ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను.

నేను వచ్చింది ఆ జట్టులో ఆడిన డొరొతీ కామెన్‌షెక్ కోసం. రెండో ప్రపంచ యుద్ధానికి మగ ఆటగాళ్ళు వెళ్ళిపోతుంటే, చ్యూయింగ్ గమ్ కంపెనీ యజమాని ఫిలిప్ రిగ్లీ 1943లో ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ పెట్టాడు. సిన్సినాటి నుంచి సెలక్షన్‌కి వచ్చినప్పుడు కామెన్‌షెక్‌కి 17 ఏళ్ళు. ఇక్కడే ఫస్ట్ బేస్‌లో, అంటే పరుగు తీసేవాళ్ళు మొదట చేరాల్సిన చోట కాపలాగా ఆడింది. 1946లోనూ 47లోనూ బ్యాటింగ్‌లో లీగ్ మొత్తానికి ఫస్ట్. 3,736 సార్లు బ్యాటింగ్ చేస్తే స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైక్‌లు పడి అవుట్) అయింది 81 సార్లే!

ఇదంతా స్కర్టు వేసుకుని ఆడింది. ప్రేక్షకులకి ముచ్చటగా కనిపించాలని లీగ్ పెట్టిన నిబంధన అది. బేస్ అందుకోవడానికి నేల మీద జారితే తొడ మీద చర్మం లేచిపోయేది. ఆ ఎర్రటి దెబ్బల్ని స్ట్రాబెర్రీలు అనేవాళ్ళు.

అది చదివినప్పుడే నా మోకాలు గుర్తొచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో పరికిణీ ఎగదోపుకుని కబడ్డీ ఆడేవాళ్ళం. ఒకసారి గీత అందుకోబోయి కంకర మీద పడ్డాను. ఇంట్లో తెలియకూడదని పక్కింటి పిన్ని దగ్గర పసుపు రాయించుకున్నా. అయినా తెలిసిపోయింది. తొమ్మిదో తరగతితో నా ఆట ఆగిపోయింది. డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి బతిమాలినా నాన్న ఒప్పుకోలేదు.

1950లో ఫోర్ట్ లాడర్‌డేల్ మగవాళ్ళ జట్టు పిలిచినా కామెన్‌షెక్ వెళ్ళలేదు. పబ్లిసిటీ కోసం పిలుస్తున్నారని ఆమెకి అనిపించిందట. సరిగ్గానే చేసిందని నా నమ్మకం. తర్వాత ఫిజికల్ థెరపిస్ట్ అయి లాస్ ఏంజెలెస్‌లో వికలాంగ పిల్లలకి సేవ చేసింది.

బయల్దేరేముందు ఫస్ట్ బేస్ దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాను. మట్టి కాలుతోంది. అమ్మాయి ఫోటో తీస్తానంటే వద్దన్నాను.

రాత్రి మా కబడ్డీ కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు గుంటూరులో ఉంటోంది. అంతా విని, "స్కర్టులోనే జారేవాళ్ళా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "నీ మోకాలి మీద మచ్చ ఇంకా ఉందా?" అంది.

ఉందని చెప్పాను.