ఆసు దగ్గర మొదలైన చదువు

దుబాయిలోని జెబెల్ అలీలో నేను పనిచేసే గిడ్డంగి గడ్డకట్టిన సరుకులది. బయట 45 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల సున్నాకు కింద 18 డిగ్రీలు ఉంటుంది. దళసరి కోటు తొడుక్కుని, చేతులకు రెండు జతల తొడుగులు వేసుకుని, స్కానరు పట్టుకుని అరల మధ్య తిరుగుతాం. ఆర్డరులో ఉన్న పెట్టెలను ఒక్కొక్కటే ఏరి బండి మీద పేరుస్తాం. పెట్టె తీసిన ప్రతిసారీ దాని మీది గీతలకు స్కానరు చూపి పచ్చ బటన్ నొక్కాలి. ఆ పచ్చ బటన్ పక్కనే, చింతగింజంత దూరంలో, ఎర్ర బటన్ ఉండేది. పచ్చది ‘సరే’, ఎర్రది ‘రద్దు’. ఎర్రది తగిలితే అప్పటిదాకా ఏరిన ఆర్డరు మొత్తం పోతుంది. నలభై పెట్టెలు పేర్చాక తగిలినా అంతే, మళ్లీ మొదటి పెట్టె నుంచి రావాలి.

మా గదిలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన అన్న ఒకరు ఉన్నారు. యాభై దాటిన మనిషి. ఒకే నెలలో మూడుసార్లు ఆయన బొటనవేలు ఎర్ర బటన్ మీద పడింది. ఆఫీసులోకి పిలిచి, రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా ‘అజాగ్రత్త, మళ్లీ శిక్షణ ఇవ్వాలి’ అని రాశారు. ఆ నెల అదనపు డబ్బు కోసేశారు. రాత్రి అన్నం ముందు కూర్చుని, ‘‘చదువుకోని చేతులు తమ్ముడూ, వీటి తప్పే’’ అన్నారు. నాకు ముద్ద దిగలేదు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

మాది పాత నల్లగొండ జిల్లా, చౌటుప్పల్ దాటి లోపలికి వెళితే వచ్చే పుట్టపాక. మగ్గం ఇల్లు. ఇక్కత్ చీర నేయాలంటే రంగులు అద్దడానికి ముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులున్న చట్రం ముందు కూర్చుని, మధ్య మేకు నుంచి చివరి మేకుల దాకా దారాన్ని చేత్తో తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇళ్లలో ఆడవాళ్లదే. అమ్మ రాత్రిళ్లు భుజానికి వేడి ఇటుక కాపడం పెట్టుకుంటూ, ‘‘నా ఒంట్లోనే సత్తువ లేదు బిడ్డా’’ అనేది. ఆ చట్రాన్ని ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు.

అప్పటి మా జిల్లాలోనే, ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పిని చూశారు. ఆయన తల్లిని తప్పుపట్టలేదు, చట్రాన్ని తప్పుపట్టారు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి, దానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. అయితే ఆయన చేసిన ఆలోచనకు ఒక శాస్త్రం ఉందని, దాన్ని నేర్చుకోవచ్చని గదిలో పై మంచం మీద పడుకుని ఫోను చూస్తున్నప్పుడే తెలిసింది.

తొడుగులు వేసుకుంటే బటన్లు ఎందుకు తప్పుతాయని వెతకడం మొదలుపెడితే ‘హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్’ అనే మాట దొరికింది. నా నోటుపుస్తకంలో దాన్ని ‘మనిషికీ యంత్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోళ్లు’ అని రాసుకున్నాను. అప్పటి స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు స్కాట్ క్లెమర్ 2012లో కోర్సెరా అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఈ విషయం మీద పాఠాలు మొదలుపెట్టారు. ఇంటరాక్షన్ డిజైన్ ఫౌండేషన్ వాళ్ల విజ్ఞాన సర్వస్వం ఉచితంగా చదువుకోవచ్చు. నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే సంస్థ వ్యాసాలు కూడా అంతే. ఆ ఇంగ్లీషు మొదట్లో నాకు కొరుకుడు పడలేదు. వేగం తగ్గించి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, పది నిమిషాల పాఠాన్ని గంటసేపు వినేవాణ్ని. ప్రతి మాటకూ తెలుగులో ఒక మాట రాసుకున్నాకే ముందుకు కదిలేవాణ్ని. ‘గుర్తుతెచ్చుకోవడం కన్నా గుర్తుపట్టడం తేలిక’ అని రాసుకున్నది ఈ రంగంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ చెప్పిన పది సూత్రాల్లో ఒకటి.

1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక నియమం చెప్పారు. చేయి చేరుకోవాల్సిన చోటు ఎంత దూరంగా, ఎంత చిన్నదిగా ఉంటే అంత ఎక్కువ సమయం పడుతుంది. తొందరపడితే గురి తప్పుతుంది. గోడ మేకుకు సంచి తగిలించడానికీ సూదిలో దారం ఎక్కించడానికీ ఉన్న తేడా మనకు తెలియనిది కాదు. ఆయన దాన్ని కొలిచి లెక్క కట్టారు. రెండు తొడుగుల బొటనవేలితో నొక్కే మాకు ఆ చిన్న బటన్ అక్షరాలా సూది బెజ్జమే.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఈ రంగంలోనే పరిశోధకుడైన డొనాల్డ్ నార్మన్ చూపిన విభజన. మనిషి చేసే పొరపాట్లు రెండు రకాలంటారాయన. ఏం చేయాలో తెలిసి, అదే చేయబోతే చేయి జారడం ఒకటి. ఏం చేయాలన్న ఆలోచనే తప్పడం రెండోది. మన భాషలో ‘చేయి జారింది’ అనే మాట ఎప్పటి నుంచో ఉండనే ఉంది! రెండో రకానికి శిక్షణ పనికొస్తుంది. మొదటి రకానికి ఎంత శిక్షణ ఇచ్చినా లాభం లేదు. బాగా చేయి తిరిగినవాడికే అది ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే అతని చేయి ఆలోచన కోసం ఆగదు. దేవరకొండ అన్నకు పచ్చ బటన్ ఏదో తెలియక కాదు. రిజిస్టరులో రాసిన మందు వేరే జబ్బుది.

ఒక సెలవు రోజున అట్టపెట్టె కోసి, స్కానరు కొలతతో రెండు బొమ్మలు చేశాను. ఒకదాని మీద బటన్లు ఇప్పుడున్నట్లే గీశాను. రెండోదాని మీద పచ్చదాన్ని పెద్దదిగా చేసి, ఎర్రదాన్ని పై మూలకు తీసుకెళ్లాను. ఇలాంటి పరీక్షకు అయిదుగురు చాలు, అసలు లోపాల్లో చాలావరకు వాళ్లతోనే బయటపడతాయని నీల్సన్ 2000లో రాశారు. దేవరకొండ అన్న, అచ్చంపేట తమ్ముడు, నారాయణపేట అతను, కేరళ అన్న, నేపాల్ కుర్రవాడు కూర్చున్నారు. అందరికీ తొడుగులు తొడిగించాను. బొటనవేళ్లకు బలపం పొడి రాసి, వేలు ఎక్కడ తగిలితే అక్కడ మచ్చ పడేలా చేశాను. మనసులో ఏమనుకుంటున్నారో పైకే అంటూ ఉండమన్నాను. ఒక్కొక్కరు ముప్పై పెట్టెలు తీసినట్లు ముప్పైసార్లు నొక్కాలి.

ఈ పరీక్షలో చూసేవాడు నోరు కట్టుకోవాలి. సాయం చేయకూడదు, తల కూడా ఊపకూడదు. నాకు అదే అన్నిటికన్నా కష్టమైంది. దేవరకొండ అన్న పదకొండోసారి నొక్కినప్పుడు బలపం మచ్చ రెండు బటన్ల మధ్య గీత మీద పడింది. చేయి వెనక్కి తీసుకుని, ‘‘చూశావా తమ్ముడూ, మళ్లీ నాదే తప్పు’’ అన్నారు. ‘‘అన్నా, ఈ రోజు పరీక్ష మీకు కాదు, అట్టకు’’ అన్నాను. ఆయన అట్టను దీపం కిందికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. మొదటి అట్ట మీద అయిదుగురి మచ్చలూ గీత దాటి ఉన్నాయి. పాతికేళ్లు కూడా నిండని నేపాల్ కుర్రవాడివి కూడా. రెండో అట్ట మీద ఎర్ర బటన్‌ను ఎవరి వేలూ తాకలేదు.

ఆ అట్టలు మా సూపర్‌వైజరుకు చూపించాను. ఆయన విసుక్కోకుండా విన్నారు, స్కానరు తయారీదారులకు ఫొటోలు పంపారు. మూడు నెలలకు మార్పు వచ్చింది గానీ, వచ్చింది నేను అడిగింది కాదు. ఎర్ర బటన్ నొక్కితే ‘నిజంగా రద్దు చేయాలా?’ అని అడిగే తెర పెట్టారు. దానికి జవాబు చెప్పాల్సింది మళ్లీ ఆ పచ్చ బటన్‌తోనే! వారం తిరిగేసరికి అందరి వేళ్లూ తెర చదవకుండానే రెండోసారి కూడా నొక్కడం నేర్చుకున్నాయి. ప్రతిసారీ అడిగే ప్రశ్నను మనిషి చూడడం మానేస్తాడు. అడగడం కన్నా, జరిగిన దాన్ని వెనక్కి తిప్పుకొనే దారి ఇవ్వడం మేలని చదివినది అప్పుడు కళ్లారా చూశాను. మళ్లీ అట్ట కోశాను, మళ్లీ అయిదుగురిని కూర్చోబెట్టాను. ఈసారి రద్దయిన ఆర్డరు పది నిమిషాల పాటు తెర మీదే ఉండి, ఒక్క నొక్కుతో తిరిగి వచ్చేలా గీశాను. అది అమల్లోకి వచ్చి ఏడాది అయింది. దేవరకొండ అన్న పేరు ఎదురుగా రిజిస్టరులో ఆ తర్వాత ఏమీ రాయలేదు.

మొన్న శుక్రవారం అమ్మ వీడియో కాల్ చేసింది. నేను ఏం చదువుతున్నానని అడిగితే, ‘‘పనిచేసేవాళ్ల చేయి ఎక్కడ నొస్తుందో చూసే చదువు’’ అన్నాను. ‘‘మల్లేశం చూసినట్లా?’’ అంది. అవునన్నాను. కొత్తగా కొన్న మగ్గం చూపిస్తానని ఫోను తిప్పబోయింది. నా తెర మీద ఇంటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. ఏది నొక్కాలో చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాను. ‘‘ఇది కాదు... ఇది నొక్కితే నువ్వు పోతావేమో... ఈ రెండు బాణాలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఇదేనా బిడ్డా?’’ అని తనలో తాను అనుకుంటోంది. నేను దిండు కింద నుంచి నోటుపుస్తకం తీసి, అమ్మ అన్న ప్రతి మాటా రాసుకుంటూ ఉండగా ఫ్యాను పక్కకు జరిగి మగ్గం కనిపించింది.