దారం తెగలేదు

మాది తెనాలి. 22 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. కుట్టు పూర్తయ్యాక దారాన్ని పళ్ళతో తెంపడం నా అలవాటు. కత్తెర బల్ల మీదే ఉన్నా చేతికంటే ముందు నోరే వెళ్తుంది. పోయిన ఏడాది శ్రావణమాసంలో, పెళ్ళి బట్టలతో ఊపిరి సలపని రోజుల్లో, ఒక చీరకు ఫాల్ వేసి దారం కొరికితే తెగలేదు. మళ్ళీ కొరికాను. దారానికి బదులు కింది ముందుపన్ను కదిలింది. నొప్పి లేదు. అద్దం ముందు నిలబడి వేలితో నొక్కి చూస్తే వదులైన గుండీలా ఊగింది.

జబ్బు ఆ రోజు మొదలైంది కాదు. నాలుగైదేళ్ళుగా బ్రష్ చేసుకుంటుంటే ఉమ్ములో ఎర్రటి చార కనిపించేది. రక్తం వచ్చే చోట బ్రష్ ఆనకుండా జాగ్రత్తపడేదాన్ని. ఎక్కడ రుద్దాలో సరిగ్గా అక్కడే పాచి వదిలేశానన్నమాట! పైపళ్ళ మధ్య సందు వస్తే, సందుపళ్ళు అదృష్టమని పక్కింటావిడ అంది. వినడానికి బాగానే ఉంది కనుక నమ్మాను. చిగుళ్ళు వాచినప్పుడల్లా మందుల దుకాణంలో మాత్రలు కొని మూడు రోజులు వేసుకుంటే తగ్గిపోయేది. డాక్టరు దగ్గరకు వెళ్ళకపోవడానికి మా అత్తయ్య మాట కూడా ఒక కారణం. "గార తీయించుకుంటే పళ్ళు ఊడిపోతాయి. మా చెల్లెలికి అలాగే అయింది."

డాక్టరమ్మది మా పెద్దమ్మాయి వయసు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీని చిగురుకూ పంటికీ మధ్య దింపుతూ, ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలిచింది. ఆమె అంకెలు చెబుతుంటే సహాయకురాలు రాసుకుంది. కొలతలు చెప్పడం, రాసుకోవడం నా పనే కదా, చెవులు వాటంతట అవే నిక్కాయి. "రెండు, మూడు, రెండు." "ఐదు, ఆరు, ఐదు." కింది ముందుపళ్ళ దగ్గరకు వచ్చేసరికి "ఏడు" అంది.

"ఎంత ఉండాలమ్మా?"

"మూడు దాటకూడదండి."

కాగితం మీద పన్ను బొమ్మ గీసి చెప్పింది. చిగురు పంటి చుట్టూ ఊరికే ఆనుకొని ఉండదట. పైన చిన్న గాడి, దాని అడుగున ఇంచుమించు 1 మిల్లీమీటరు మేర పలుచని పొర పంటికి జిగురు పెట్టినట్టు అంటుకొని ఉంటుంది. దాని కింద మరో మిల్లీమీటరు మేర పోగులు. వాటి కొసలు పంటివేరు పైపొరలోకి దిగి నాటుకొని ఉంటాయి. పోగులు అనగానే నాకు అర్థమైంది. మొత్తం 2 మిల్లీమీటర్ల పట్టు! జాకెట్టు లోపలి వైపు నేను వదిలే గుడ్డ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

గాడిలో చేరిన పాచి గట్టిపడితే గార. గార గరుకు మీద మళ్ళీ పాచి. ఆ క్రిములను చంపడానికి ఒంట్లోని తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. పోగులను తినేసేది క్రిములేనని అనుకున్నాను. చాలావరకు కాదట. ఆ పోరులో మన కణాలే వదిలే రసాయనాలు చిగురులోని కొల్లాజెన్ పోగులను కరిగిస్తాయి. పోగులు పోయిన మేర, పైనున్న పొర వేరు వెంబడి లోపలికి జారుతుంది, గాడి లోతవుతుంది, లోతైన గాడిలోకి బ్రష్ చేరదు. వాపు ఎముక దాకా వస్తే ఎముక కూడా అరిగి వెనక్కి తగ్గుతుంది. ఎక్స్‌రేలో నా కింది ముందుపళ్ళ మధ్య ఎముక సగం వేరు దాకా దిగిపోయి ఉంది. కుట్టు పుటుక్కున తెగితే చప్పుడైనా వినిపిస్తుంది. ఇది నానినాని పోగుపోగుగా ఊడిన కుట్టు.

"షుగరు ఉందా అండి?" అని అడిగింది. లేదన్నాను. పరీక్ష చేయించుకున్నారా అంటే అదీ లేదు. రక్తపరీక్ష చేయిస్తే షుగరు మూడు నెలల సగటు (HbA1c) 8.6 శాతం వచ్చింది. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుందట, చిగుళ్ళు వాచి ఉంటే షుగరు లొంగదట. పంటి కోసం వెళ్ళి షుగరు మాత్రలతో ఇంటికొచ్చాను.

నాలుగు విడతలుగా, మత్తు సూది వేసి, చిగురు లోపలి గారను వేరు నుంచి గీకింది. నొప్పి తెలియలేదు కానీ ఆ గరగర పుర్రెలో వినిపించేది. వచ్చిన పెచ్చులు నల్లగా ఉన్నాయి. పుక్కిలించే మందుతో రెండు వారాలు పప్పుచారు రుచే తెలియలేదు. వాపు తీసి చిగుళ్ళు కుదించుకుపోయాయి, పళ్ళు పొడుగై సందులు బయటపడ్డాయి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. అత్తయ్యకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ మాటే డాక్టరమ్మతో అంటే, "సందులను ఇన్నాళ్ళూ గార పూడ్చి ఉంచిందండి. తీసేశాక ఉన్నది కనిపిస్తోంది" అంది.

రెండు నెలల తర్వాత మళ్ళీ కొలత. ఏడు నాలుగైంది. దవడపళ్ళ దగ్గర రెండు చోట్ల మాత్రం ఆరు అలాగే ఉంది. అక్కడ చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేయాలంది. భయపడాల్సిందే, కానీ నా దృష్టంతా ఆమె సూది మీద ఉంది. వంపు తిరిగిన సూది, బెజ్జం లేదు! దారం సూది మొదట్లోనే అతికి ఉంది. నల్లటి పట్టుదారం. ఒక్కో కుట్టుకు విడిగా ముడి, ముడి ముడికీ కత్తెర. ఇంత శుభ్రంగా కుట్టే పిల్ల మా వీధిలో లేదు.

వారానికి కుట్లు తీశాక అడిగాను. "ఇక మునుపటిలా అతుక్కుంటుందా అమ్మా?"

"మునుపటిలా కాదండి. ఊడిన చోట పోగులు మళ్ళీ వేరులో నాటుకోవడం చాలా తక్కువ. పైపొర పొడవుగా పెరిగి వేరును అంటుకొని ఉంటుంది, అంతే."

"కచ్చా కుట్టు అన్నమాట."

ఆమెకు తెలియదు. అసలు కుట్టుకు ముందు, గుడ్డ జారకుండా వేసే పొడవాటి వదులు కుట్టని చెప్పాను. నవ్వి, "అదేనండి. పాచి పట్టనివ్వకపోతే ఏళ్ళ తరబడి ఆగుతుంది" అంది.

కింది ముందుపళ్ళను లోపలి వైపు సన్నటి తీగతో కలిపి అంటించింది. రాత్రి పూట సందుసందుకూ చిన్న బ్రష్ తిప్పుతాను. ఆ పనికి పది నిమిషాలు పడుతుంది, కొన్ని రాత్రులు విసుగు కూడా వస్తుంది. షుగరు 6.9కి దిగింది. మూడు నెలలకొకసారి కొలతకు వెళ్తున్నాను. దారం తెంపడానికి చిన్న కత్తెరను తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను.

పోయిన నెల వెళ్ళొచ్చి అంకెల కాగితం చూసుకుంటుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు కాగితం వంకే చూసింది.

"అమ్మాయ్, ఆ కడ్డీ పెట్టి నాకూ చూస్తుందా మీ డాక్టరమ్మ?"

"చూస్తుంది అత్తయ్యా. ఒక్కో పంటికి ఆరు అంకెలు."

"అయితే తొందరగానే అయిపోతుందిలే. ఉన్నవి పదకొండే."