సెలవు పెడితే సరిపోతదా?

రాత్రి పదకొండు దాటింది. కాజీపేట వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు. పడుకోబోయి మళ్లీ లేచి కూర్చున్నా, అన్నం దగ్గర ఈయన అన్న ఒక్క మాట వల్ల.

మా మరిది ఊళ్లలో ఆడవాళ్ల గుంపులకు చిన్న అప్పులిచ్చి కిస్తీలు వసూలు చేసే కంపెనీలో పనిచేస్తాడు, ఆ గుంపులనే సెంటర్లు అంటారు. ఆ పనితోనే మనిషి అలిసి ఒడిసిపోయాడు. ఈ నెల మళ్లీ పరకాల వైపు సెంటర్లే. ఫోన్ మోగగానే ఎత్తకుండా బోర్లా పెట్టి, కంచం జరిపేశాడు. పచ్చిపులుసు ముట్టనే లేదు. "నాలుగు రోజులు సెలవు పెట్టురా, అంతా సెట్ అయితది" అన్నాడు ఈయన. మరిది తలూపి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తలూపుడే గుచ్చుకుంటోంది. ఎదురు చెప్పే ఓపిక కూడా లేనోడు అట్లనే తలూపుతడు.

సెలవు పెడితే ఏమైతదో లెక్క వేద్దాం. ఇవి పత్తి తీసే రోజులు. పొద్దున ఏడింటికి సెంటర్ మీటింగ్ అంటే సగం మంది ఆడవాళ్లు అప్పటికే చేన్లలో ఉంటారు. కిస్తీ కోసం సాయంత్రం అదే తొవ్వ మళ్లీ తొక్కాలి. నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆ నాలుగు రోజుల వసూళ్లు ఐదో రోజు నెత్తిన పడతాయి. సెలవు వల్ల వచ్చిన హాయి పనిలో చేరిన రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతుందని దీని మీద పరిశోధన చేసినవాళ్లు కొందరు చెప్పారు. ఇట్లాంటి కొలువులో అంతసేపు కూడా నిలవదు.

అసలు గంటలు ఎవరన్నా లెక్కబెట్టారా? ఏడింటికి మొదలు, బ్రాంచిలో లెక్కలు ముగిసేసరికి రాత్రి ఏడున్నర. తిండికీ మధ్యలో ఆగినదానికీ గంటన్నర తీసేసినా రోజుకు 11, ఆరు రోజులకు 66 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని. మనవాడు ఆ గీత దాటి 11 గంటలు ముందుకు పోయాడు. ఈయనేమో నాలుగు రోజులు పడుకుంటే చాలంటాడు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి, అంటే కమీషన్ వ్యాపారి దగ్గరి గుమస్తా గుర్తొచ్చాడు, నాన్న పత్తి వేసే దుకాణంలో ఉండేవాడు. రైతు బండి దిగకముందే ఊరు పేరు, బిడ్డ పేరు పెట్టి పలకరించే మనిషి. ఆ ఏడు పత్తి ముగియకముందే మిర్చి మొదలైంది, నడుమ ఊపిరి తీసుకునే సందు లేదు. ముందుగా మారింది పలకరింపే. "ఆ పన్నెండు బస్తాలాయనను పిలువు" అనడం మొదలుపెట్టాడు. తర్వాత తక్‌పట్టీల్లో, అంటే రైతుకు ఇచ్చే తూకం, ధర చీటీల్లో కూడికలు తప్పడం. తప్పుతున్నాయని ఒక్కోటి మూడుసార్లు కూడేవాడు, అందుకని రాత్రి పదిదాకా అక్కడే. చివరికి ఒకరోజు "ఎవరు రాస్తే ఏంది ఈ కాగితాలు" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్లంతా పొగరు పెరిగిందనుకున్నారు.

అది పొగరు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నవుట్‌కు చెప్పిన మూడు గుర్తులూ ఆ మనిషిలో వరుసగా కనబడ్డాయి. ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగి దానికి దూరమవడం, చేసేది సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం. దాన్ని జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగానే రాశారు. మొదటిదాన్ని అందరూ గుర్తుపడతారు. రెండోదాన్ని మాత్రం మనిషి గుణం కింద జమకడతారు, అక్కడే నెలలు పోతాయి. నిన్న ఫోన్లో మరిది "ఆ సెంటర్ వాళ్లంతా గంతే" అన్నప్పుడు నేనే పట్టించుకోలేదు.

గుమస్తాకు సీజన్లో సెలవు దొరకలేదు. మరి ఏం మారిందంటే, ఫోన్. వేలం అయ్యి కాంటా నడిచే వేళ రైతులు, లారీ వాళ్లు, జిన్నింగ్ మిల్లు వాళ్లు అందరూ అతనికే చేసేవాళ్లు. ప్రతి ఫోనుకూ కూడిక తెగేది, తప్పులన్నీ అక్కడ పుట్టినవే. పది నుంచి ఒంటిగంట దాకా ఫోన్ సేటు కొడుకు పట్టుకున్నాడు. దడవాయి వేసిన తూకాలు ఒకరు పైకి చదివితే ఇతను రాశాడు, కూడిక ఒక్కసారే. పదింటికి పోయే మనిషి ఎనిమిదింటికి ఇల్లు చేరాడు. మూడు వారాలకు ఊర్ల పేర్లు మళ్లీ నోట్లోకి వచ్చాయి.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఈయన మీద కోపంలో సెలవును మరీ తీసిపారేశాను. సీజన్ ముగిశాక ఆ గుమస్తా పది రోజులు అత్తగారింట్లో ఉండి వచ్చాడు. అది లేకపోతే వచ్చే పత్తికి నిలబడేవాడు కాదేమో. సెలవు కావాలి. తిరిగి వచ్చేసరికి పనిలో కనీసం ఒక్కటన్నా మారి ఉండాలి, అంతే. పోయే రెండు రోజుల ముందే ఏ సెంటర్ ఎవరు చూస్తారో కాగితం మీద రాసి బ్రాంచిలో ఇయ్యాలి. ఆఫీసు సిమ్ తీసి పక్కన పెట్టాలి. మొదటి రెండు రోజులు నిద్రకే వదిలేయాలి, చుట్టాలిళ్లు తిప్పొద్దు. తిరిగి చేరేది బుధవారమో గురువారమో అయితే మొదటి వారం చిన్నదవుతుంది.

మేనేజర్‌తో "నాతోని కాదు" అని చెప్పమని మొన్న నేనే మరిదికి సలహా ఇచ్చాను. ఇప్పుడు అది తప్పనిపిస్తోంది. టార్గెట్ కొలువులో ఆ మాట అంటే పేరు పోతుందన్న భయం ఉత్తది కాదు. దానికి బదులు లెక్కతో అడగాలి. "సార్, రోజుకు ఇన్ని సెంటర్లు, రెండోసారి తిరిగేవి ఇన్ని. సాయంత్రం వసూలు, ఏడింటి రిపోర్టు రెండూ ఒకే టైముకు పడుతున్నాయి. ఏది ముందు చేయమంటారు?" ఏది ముందో అవతలి మనిషి నోటితో చెప్పించాలి. పత్తి తీత అయ్యేదాకా మీటింగ్ ఆరింటికి జరపొచ్చా అన్నది కూడా అప్పుడే అడగొచ్చు. ఆడవాళ్లు చేనుకు పోకముందే పని అయితే సాయంత్రం తిరుగుడు తగ్గుతుంది. ఏడింటి మీటింగే కష్టంగా ఉన్నోణ్ని ఆరింటికి పొమ్మంటోందని ఈయన అంటాడు, తెలుసు. సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరితేనే అది లాభం, లేకపోతే వద్దు.

ఆ మాట అడగడానికి లెక్క కావాలి కాబట్టి రెండు వారాలు నోటుబుక్కు రాయించాలి. చివరి ఆఫీసు ఫోన్ ఎన్నింటికి, నిద్ర ఎన్ని గంటలు, ఎన్నిసార్లు ఎవరి మీద కసురుకున్నాడు, పొద్దున లేవగానే అలసట పదికి ఎంత. రాత్రి అలసట రాయక్కర్లేదు, పనిచేసినోడు రాత్రి అలసిపోతాడు. ఆదివారం పడుకుని లేచినా సోమవారం పొద్దున అంకె దిగకపోతేనే భయపడాలి.

బ్రాంచిలో సాయంత్రం ఆరింటికి తాగే చాయ్ మానాలి. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు, అంటే పదకొండింటికి పడుకునేటప్పుడు సగం ఒంట్లోనే. బండి ఎక్కేముందు పది నిమిషాలు కూర్చుని మిగిలిపోయిన మూడు పనులు, రేపు ఒక్కోదాంట్లో మొదట చేయాల్సింది రాసుకుంటే అవి పక్కమీదికి రావు. నాలుగు లెక్కబెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కబెడుతూ వదలడం ఐదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది, కానీ 66 గంటలు 60 కావు.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు ఈ వారమే చేయించాలి, వాటిల్లో తేడా వచ్చినా నీరసం ఇట్లనే ఉంటుంది. ఇంకోటి, పని దగ్గరే కాదు, పిల్లలతో ఆడినా పండగొచ్చినా రెండు వారాలుగా ఏదీ పట్టకపోతే అది డిప్రెషన్ కావొచ్చు, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. బతకాలని లేదన్న మాట వస్తే ఆ రోజే, ఆ గంటే 14416కు ఫోన్ చేయాలి, అది టెలి మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, రాత్రైనా ఎత్తుతారు. మరిది దగ్గర ఆ మాట రాలేదు. అడిగితే కదా తెలిసేది, మేమెవరమూ అడగలేదు.

ఐదున్నరకు లేస్తాడు. చిన్నదాని పాత నోటుబుక్కులో సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి, గీతలు కొట్టి వంటింట్లో పెట్టాను. చాయ్ ఇచ్చేటప్పుడు ఈయన లేవకముందే అడగాలి, ఇయ్యాల పదికి ఎంత అని.