తొమ్మిది గ్రాముల పిట్ట, చిటికెడు రెట్ట

బొంపు క్యాంపు, ఈగల్‌నెస్ట్ అభయారణ్యం. ఏప్రిల్ చివరి వారం.

మూడున్నరకే మెలకువ వచ్చేసింది. అరుణాచల్‌లో ఈ రోజుల్లో నాలుగున్నరకల్లా వెలుతురు పడుతుంది, అలారంతో పనే ఉండదు. రాత్రంతా టార్పాలిన్ మీద దంచిన వాన అప్పుడే తెరిపిచ్చింది. వంటపాకలో పొయ్యి రాజేసిన పొగ, లాల్ చాయ్ వాసన. గ్లాసు చేతికిస్తూ భాయ్ "ఈరోజు పిట్టలు బాగా పడతాయి, రాత్రంతా పస్తుకదా" అన్నాడు. భాయ్ ఇక్కడి బుగున్ తెగవాడు. కొండపిట్టల్ని వలతో పట్టి, అవి ఏం తింటున్నాయో చూసి, వదిలెయ్యడం మా పని. నేను రాకముందు నుంచే ఈ వలల పని చేస్తున్నాడు. వలలో పిట్ట ఎటునుంచి చిక్కుకుందో, ముందు ఏ కాలు విడిపించాలో ఒక్క చూపులో చెప్పేస్తాడు.

ఐదుకల్లా వలలు విప్పాం. పన్నెండు మీటర్ల పొడవు, జుట్టంత సన్నటి నల్లదారం. మంచులో మనకే కనపడదు, పిట్టకేం కనపడుతుంది. అరగంటకోసారి చుట్టి రావాల్సిందే, ఒక్క పిట్ట కూడా ఎక్కువసేపు వేలాడకూడదు. వాన చినుకు పడితే వెంటనే మూసెయ్యాలి. జలగల సంగతి ఇక రాయను, రోజూ ఉండేదే.

రెండో చుట్టులో వాగు పక్క వలలో టెసియా దొరికింది. చెస్ట్‌నట్ హెడెడ్ టెసియా. తలంతా ఇటుకరంగు, గొంతూ పొట్టా పచ్చటి పసుపు, తోక ఉందా లేదా అన్నట్టు. గుప్పెట్లో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తుంది, దడదడ కాదు, సెల్‌ఫోన్ వైబ్రేషన్ లాగ ఒకటే మోత. ఉతికి ఎండబెట్టిన గుడ్డసంచిలో వేసి తూచాం. సంచి బరువు తీసేస్తే తొమ్మిది గ్రాములు. పది రూపాయల నాణెం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాలికి రింగు వేసి, రెక్క కొలిచి, వదిలేశాం. పొదలోకి దూరి అక్కణ్ణుంచే రెండు కూతలు కూసింది.

నాకు కావాల్సింది ఆ సంచి అడుగున ఉంది. నల్లగా, ఒక చివర తెల్లటి సున్నంతో, బియ్యపుగింజంత రెట్ట. దాన్ని శుభ్రమైన పుల్లతో ఎత్తి ఆల్కహాల్ ట్యూబులో వేశాను. ఈ పిట్ట పొద్దున్నుంచీ ఏం తిన్నదో అందులో ఉంది. బెంగుళూరు ల్యాబ్‌కి చేరాక అందులోంచి పురుగుల డీఎన్ఏ తీసి, ఏ కుటుంబం, ఏ జాతి అని పోల్చి చూస్తాం. 1912లో బీహార్‌లోని పూసా నుంచి మన దేశపు పక్షుల తిండి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. అప్పట్లో పిట్టని చంపి పొట్ట కోసి చూడటమే దారి. ఇప్పుడు పిట్ట ఎగిరిపోయాక కూడా దాని భోజనం నా చేతిలో ఉంటోంది. ఈ ఒక్క మార్పుకి నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అలాగని రెట్ట అన్నీ చెప్పెయ్యదు. ఏం తిన్నదో చెబుతుంది, ఎన్ని తిన్నదో చెప్పదు. సాలీడు ఈగని తిని, ఆ సాలీడుని పిట్ట తింటే, ఈగ పేరు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే ఈకముక్క కూడా తీసుకుంటాం. నైట్రోజన్‌లో మామూలు రకంతో పాటు కాస్త బరువైన రకం ఒకటుంది. ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఒంట్లో ఆ బరువైన రకం వాటా కొంచెం పెరుగుతుంది, దాన్నిబట్టి ఆకు తినే పురుగుల మీద బతుకుతోందా, పురుగుల్ని తినే సాలీళ్ళ మీదా అన్నది తేలుతుంది. ఇంకో చిక్కు, ఈ కొండల్లో చాలా పురుగులు ఇంకా పేరు పెట్టనివే. పోల్చడానికి అవతల పేరే లేకపోతే 'ఏదో ఒక రెక్కల పురుగు' అని రాసుకుని ఊరుకోవాల్సి వస్తుంది. అలా రాసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఎవరూ పలకరించకుండానే ఒక జీవి వెళ్ళిపోయినట్టుంటుంది.

పదింటికి వలలు మూసి పురుగుల పనిలో పడ్డాం. కొమ్మ కింద తెల్లగుడ్డ పట్టుకుని కర్రతో కొట్టడం, రాలినవాటిని ఏరి పొడవు కొలవడం. పాత అడవిలో ఇరవై కొమ్మలు, ఒకప్పుడు కలప కొట్టేసిన చోట ఇరవై కొమ్మలు. పై నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి. లోపలికి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది. కొట్టేసిన చోట పైకప్పు చిల్లులు పడి ఎండ నేల దాకా దిగుతుంది, ఆకుచెత్త గలగలలాడుతుంది. పాత అడవిలో మధ్యాహ్నం కూడా ఆకు తిరగేస్తే వెనక తడి ఉంటుంది. గొంగళిపురుగు ఒళ్ళంతా నీరే కదా, ఆ తడి లేని చోట ఎలా బతుకుతుంది?

నేనూ ఇక్కడికి రాకముందు అందరిలాగే అనుకున్నాను, భూమి వేడెక్కుతోంది కాబట్టి కొండపిట్టలు చల్లదనం వెతుక్కుంటూ పైకి పోతాయని. పోతున్న మాట నిజం. పెరూలో పాంటియాకోల్యా కొండమీద 1985లో పిట్టల్ని లెక్కపెట్టి, 2017లో మళ్ళీ వెళ్ళి చూస్తే చాలా జాతులు పైకి జరిగాయి, శిఖరం దగ్గరే బతికే కొన్ని కనపడనే లేదు. కానీ తొమ్మిది గ్రాముల ప్రాణానికి ముందు తగిలేది ఎండా, ఆకలా? వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఆ ఎత్తు పిట్ట ఒక్క పూటలో ఎక్కెయ్యగలదు. దానికి కావలసిన పురుగు ఎక్కాలి కదా, ఆ పురుగు తినే చెట్టు ఎక్కాలి కదా. చెట్టు కొండెక్కడానికి తరాలు పడుతుంది. పైకి వెళ్ళేకొద్దీ పురుగులూ పలచబడతాయి, పైగా అక్కడ ముందునుంచే కాపురముంటున్న పిట్టలు ఊరుకుంటాయా! చల్లగా ఉందని వెళ్ళిన చోట పిల్లల నోట్లో పెట్టడానికి ఏమీ దొరక్కపోతే అది వలస కాదు, పస్తు. నా ట్యూబులన్నీ ఈ ఒక్క ప్రశ్న కోసమే.

సాయంత్రం మాత్రం మనసు పాడైంది. నిన్నటి పెట్టె తెరిస్తే ఒక మూత సరిగ్గా బిగుసుకోలేదు. ఆల్కహాల్ కారి పక్క ట్యూబుల మీద పెన్నుతో రాసిన నంబర్లన్నీ కరిగిపోయాయి. మూడు ట్యూబులు ఏ పిట్టవో తెలియకుండా పోయాయి. తప్పు నాదే. కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి లోపల వెయ్యమని మొదటి రోజే చెప్పారు, నిన్న వాన వస్తోందని తొందరలో మానేశాను. ఆ మూడు పిట్టలూ వలలో భయపడ్డాయి, సంచిలో వణికాయి. అంతా నా కోసం. దానికి బదులుగా వాటి గురించి ఒక్క మాటైనా రాసిపెట్టలేకపోయాను. భాయ్ ఏమీ అనలేదు. తన జేబులోని పెన్సిల్ తీసి నా నోట్‌బుక్ మీద పెట్టి వెళ్ళాడు.

రాత్రి అన్నం, పప్పు, ఇస్కూస్ కూర. ఇస్కూస్ అంటే మన బెంగుళూరు వంకాయే, ఇక్కడ ప్రతి పందిరికీ కాస్తుంది. తింటుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి వరికంకులు కుచ్చులుగా అల్లి చూరుకి కట్టేది, పిచ్చుకల కోసం. దూలం సందులో పిల్లలు లేచిన రోజుల్లో ఆ కుచ్చులు అలాగే ఉండిపోయేవి. "పిల్లలకి గింజ అరగదురా, పురుగు కావాలి. అందుకే దొడ్లోకి పోతున్నాయి" అనేది. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లల్ని పురుగులతోనే సాకుతుందని నేను తర్వాత ఎప్పుడో చదువుకున్నాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చూసింది.

ఆదివారం సరుకులకి కింద టెంగా ఊరికి దిగినప్పుడు సిగ్నల్ ఉంటుంది. నాయనమ్మకి ఫోన్ చెయ్యాలి. ఆ పిచ్చుకలు ఏ పురుగుల్ని తెచ్చేవో, ఏ చెట్టు మీంచి తెచ్చేవో, ఆ చెట్టు ఇంకా ఉందో లేదో అడగాలి. రేపటి ట్యూబులకి నలభై కాగితం ముక్కలు పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టాను.