పిల్లికూతలు ఆగిన రాత్రి

మా పాప ఇప్పుడు బాగుంది. అందుకే రాయగలుగుతున్నాను. కోపం మాత్రం పూర్తిగా చల్లారలేదు.

చిన్నప్పటి నుంచీ దానికి పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దురద. దుమ్ము పడదన్నారు. ఆరో ఏట ఉబ్బసం అని తేలింది. రోజూ రెండు పూటలా పీల్చడానికి ఒక ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు వాడటానికి ఇంకొకటి ఇచ్చారు. మూడు నెలల్లో దగ్గు మాయమైంది. "ఇంత చిన్న పిల్లకు ఆ పంపు అలవాటు చేస్తే జీవితాంతం వదలదు వదినా" అంది మా ఆడపడుచు. నిజమే కదా అనిపించి, రోజూ వాడేదాన్ని ఆపేశాను. ఎవరినీ అడగలేదు.

రెండు నెలల తర్వాత స్కూలు పరుగు పందెంలో మధ్యలోనే కూలబడింది. "పరుగు అనగానే ఈవిడగారికి దగ్గు గుర్తొస్తుంది" అన్నారట వ్యాయామం మాస్టారు. పిల్లలంతా నవ్వారట. ఇదంతా నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే అది ఇన్‌హేలర్‌ను బ్యాగులోంచి తీసి బీరువాలో బట్టల కింద దాచేసింది.

వారం తిరక్కుండానే ఆ రాత్రి వచ్చింది. రెండు దాటాక మెలకువ వచ్చి చూస్తే మంచం అంచున కూర్చుని ఉంది. చేతులు రెండూ మోకాళ్లకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతోంది. లాగిన ప్రతిసారీ గొంతు కింద గుంట పడుతోంది. "అమ్మా" అని ఆగి, మళ్లీ ఊపిరి తీసుకుని "నీళ్లు" అంది. రెండు మాటలకు రెండు ఊపిరులు. ఇల్లంతా వెతికినా ఇన్‌హేలర్ దొరకలేదు. ఆస్పత్రి దారిలో ఉండగా, ఊపిరితో పాటు ఛాతీలోంచి వస్తున్న పిల్లికూతలు ఆగిపోయాయి. హమ్మయ్య, తగ్గిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత ఆక్సిజన్, నెబ్యులైజర్, ఏవో ఇంజెక్షన్లు. ఆ గంటలు సరిగా గుర్తులేవు. తెల్లవారాక డాక్టరమ్మ చెప్పారు: కూతలు ఆగితే తగ్గినట్టు కాదు, కూత వచ్చేంత గాలి కూడా ఆడటం లేదన్నమాట. నేను దణ్ణం పెట్టుకున్నది సరిగ్గా అప్పుడే. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. కాగితం మీద శ్వాసనాళం బొమ్మ గీసి, "ఆయాసం లేనప్పుడూ లోపల వాపు ఉంటుందమ్మా, రోజూ పీల్చేది ఆ వాపుకే" అన్నారు. ఆ మెత్తదనానికి రుణపడి ఉంటాను. ఈ రెండు ముక్కలూ మొదట మందు రాసిన పెద్దమనిషి చెప్పి ఉంటే ఏం పోయేది?

పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక వ్యాధి ఉబ్బసమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఐసాక్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో 13, 14 ఏళ్ల వాళ్లలో దాదాపు 14 శాతం మంది గడిచిన ఏడాదిలో పిల్లికూతలు వచ్చాయన్నారు. నలభై మంది తరగతిలో ఐదారుగురు. నేనూ టీచర్నే, ఇంకో స్కూల్లో. నా తరగతిలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. మధ్యాహ్నం నలుగురు విడివిడిగా వచ్చి చెప్పారు. ఒకమ్మాయి ఇన్‌హేలర్‌ను చేతిరుమాలులో చుట్టి పెన్సిళ్ల సంచిలో పెట్టుకుంటోంది.

తల్లులకు ఒక్క మాట. ఇన్‌హేలర్‌కు స్పేసర్, అంటే మందు పీల్చడానికి ముందు తగిలించే గొట్టం, పెట్టి పట్టించండి, లేకపోతే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోతుంది. రోజూ వాడేది పీల్చాక నోరు పుక్కిలింపించండి. డాక్టరు చెప్పకుండా ఆపకండి.

ఇంకొకటి ఉంది. కిందటేడు నా తరగతిలో ఒక అబ్బాయి దగ్గుతుంటే, "పరీక్ష రోజే వస్తుందా నీకు?" అన్నాను. పాప కోలుకున్నాక వాణ్ణి వెతుక్కుంటూ వెళ్లి క్షమించమన్నాను. వాడు సిగ్గుపడుతూ నవ్వాడు.

"పర్వాలేదు టీచర్, అందరూ అలాగే అంటారు."