పట్టేసింది ఇంజను కాదు, నా బుర్ర

నిన్న సాయంత్రం ఆరింటికి మా వ్యాను స్టార్టయింది. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

వ్యాను అంటే 1976 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. లోపల మంచం, చిన్న పొయ్యి, పైకి లేచే కప్పు ఉన్న క్యాంపర్. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. ఒక పెద్దావిడ షెడ్డులో పదకొండేళ్లుగా కదలకుండా ఉంటే కొన్నాను. కాగితాలు సులువే. నలభై ఏళ్లు దాటిన బండికి ఇక్కడ రోడ్డు టాక్సు కట్టక్కర్లేదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఇన్సూరెన్సు అమ్మాయి మా ఇంటిపేరు నాలుగుసార్లు పలికించుకుని ఐదోసారి కూడా తప్పే రాసింది, అంతే.

ట్రక్కు మీద నుంచి దించగానే "సెల్ఫ్ కొట్టు, చూద్దాం" అంది మా ఆవిడ. కొట్టకూడదు. ఏళ్ల తరబడి నిలబడ్డ ఇంజనులో బేరింగుల మీద నూనె కిందికి జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు ఆగిన చోట సిలిండరు గోడకి తుప్పు పట్టి ఉండొచ్చు, ఏ వాల్వో గైడులో బిగుసుకుని ఉండొచ్చు. సెల్ఫ్ మోటారుకి కనికరం ఉండదు, అడ్డమొచ్చినదాన్ని వంచేస్తుంది. చేత్తో తిప్పితే ఎక్కడ బరువుగా ఉందో చేతికే తెలుస్తుంది.

అందుకని బ్యాటరీ వైరు పీకేశాను. నాలుగు ప్లగ్గులూ విప్పాను. మూడు తేలిగ్గానే వచ్చాయి. ఎడమవైపు ముందున్న మూడో నంబరుది మాత్రం కంటికి కనపడదు. రేకుల సందులోంచి చెయ్యి దూర్చి గుడ్డిగా తడుముకోవాలి. మోచేతి మీద గీత ఇంకా మానలేదు. పెట్రోలు పైపులు ముట్టుకుంటే పొడి పొడిగా రాలాయి కాబట్టి అన్నీ మార్చాను. ఇది మాత్రం ఎవరూ వాయిదా వేయకండి. ఈ వ్యాన్లు తుప్పుతో ఎన్ని పోయాయో గానీ, కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడి కాలిపోయినవి మాత్రం చాలానే.

ఇక తిప్పడం. ఆల్టర్నేటరు నట్టుకి పానా వేసి బెల్టుతో తిప్పడం పాత చిట్కా. వేశాను, బెల్టు జారిపోయింది. కింద ఇంజను ఇరుసు చివరనుండే క్రాంకు పుల్లీ బోల్టుకి 30 నంబరు పానా వేసి కుడివైపుకి లాగాను. అంగుళంలో నాలుగో వంతు కదిలి టక్కున ఆగింది. వెనక్కి లాగితే మళ్లీ అంతే కదిలి మళ్లీ టక్. పానాకి ఇనుప గొట్టం తొడిగి వేలాడాను. వ్యాను వెనక భాగం కొంచెం లేచింది గానీ పుల్లీ కదల్లేదు.

ఈ టక్‌ని సరిగ్గా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇంజను పట్టేసిందని తేల్చుకున్నాను. గేరు ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి ప్లగ్గుల బొక్కల్లో తలా రెండు చెంచాలు పోశాను. ఈ ఇంజనులో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి నూనె కింది గోడకే చేరుతుంది, పై గోడ పొడిగానే ఉండిపోతుంది. అది తెలిసినా రోజూ పొద్దునా సాయంత్రం ఆఫీసు మీటింగుల మధ్య వెళ్లి పోశాను, దేవుడికి దీపం పెట్టినట్టు. ఐదు రోజులు. మా షెడ్డంతా గోళ్ల రంగు వాసన.

ఆరో రోజు ఒక గ్యారేజీ ఆయన్ని పిలిచాను. పాత వ్యాన్లలో చెయ్యి తిరిగినవాడని చెప్పారు. వచ్చి "న్యూట్రల్లో ఉందా?" అనడిగాడు. ఉందన్నాను. గేరు కర్ర పట్టుకుని గిలకొట్టి చూపించాను, గంటకి కట్టిన తాడులా అన్ని వైపులా ఊగింది. ఆయన పానా వేసి ఒకసారి లాగి, రెండు నిమిషాల్లో "సీజ్ అయింది, రీబిల్ట్ ఇంజను మూడున్నర వేల పౌండ్లు" అన్నాడు. వచ్చినందుకు తొంభై తీసుకున్నాడు. ఆ తొంభై నా కళ్లలో ఇంకా మెదులుతూనే ఉంది. బండి కిందికి వంగి చూసుంటే అందులో ఒక్క పౌండు కూడా నాకు బాధనిపించేది కాదు.

ఆ రాత్రి తెనాలి నుంచి మా మేనమామ ఫోను చేశాడు. ముప్పై ఏళ్లు పొలంలో ఆయిలింజను నడిపిన మనిషి. సిలిండర్లో ఒత్తిడి లేకుండా చేసే డీకంప్రెషన్ లివరు ఎత్తి, హ్యాండిల్ వేసి, ఫ్లైవీలు ఊపందుకున్నాక లివరు వదలడం ఆయన్ని చూసే నేర్చుకున్నాను. హ్యాండిలు చుట్టూ బొటనవేలు వేయకూడదు, వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. ఆయనకి ఒకసారి విరిగింది కూడా. సంగతంతా చెప్పాను.

"ఎంత కదిలి ఆగుతోంది అల్లుడూ?"

"పావు అంగుళం, మామయ్యా."

"పట్టేసిన ఇంజను వెంట్రుకవాసి కూడా కదలదురా. నీది కదిలి ఆగుతోందంటే దాన్ని అవతల ఇంకేదో పట్టుకునుంది. గేర్లో ఉంది."

"న్యూట్రల్లోనే ఉంది, నేను చూశాను."

"నువ్వు చూసింది కర్రని. చక్రాన్ని చూడు. వెనక చక్రం ఒకటి జాకీ ఎత్తి తిప్పు."

పదకొండు నెలలు యూట్యూబు చూసి సంపాదించిన జ్ఞానం ఉన్న నాకు ఆ మాట నచ్చలేదు. అయినా నిన్న మధ్యాహ్నం మిగతా చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఎడమ వెనక చక్రం ఎత్తి, కింద స్టాండు పెట్టాను. మా అమ్మాయి పుల్లీ మీద సుద్దతో గీత గీసి అక్కడే గొంతుక్కూర్చుంది. రెండు చేతులతో టైరు పట్టుకుని ముందుకి తోశాను. బరువుగా, తడి బట్టలు పిండుతున్నట్టు కదిలింది.

"నాన్నా, గీత తిరుగుతోంది!"

చక్రం ఒక చుట్టు తిరిగితే పుల్లీ సుమారు రెండు చుట్లు తిరిగింది, అంటే ఇంజనులో నాలుగు దశలూ ఒకసారి పూర్తయినట్టు. ప్లగ్గు బొక్కల్లోంచి ఐదు రోజుల నూనె చిమ్మి మా అమ్మాయి తెల్ల స్వెట్టరు పాడయింది. బండి మొదటి నుంచీ నాలుగో గేర్లోనే ఉంది. అన్ని రోజులూ నేను ఇంజనుతో కుస్తీ పట్టలేదు, బండి జారకుండా రాళ్లు పెట్టిన చక్రాలతో పట్టాను. ఎవరైనా క్లచ్ తొక్కి పట్టుకుంటే అప్పుడే తెలిసిపోయేదేమో. మా ఆవిడ రోజూ టీ తెచ్చి పక్కనే నిలబడేది, ఆ ముక్క నాకు తట్టలేదు.

కిందికి దూరి చూస్తే, గేరు కర్ర నుంచి వెనక గేరుబాక్సు దాకా వెళ్లే పొడుగాటి రాడ్డులో రెండు ముక్కల్ని కలిపే కప్లింగు విడిపోయి ఉంది. కర్ర ఊగుతుంది, గేరుబాక్సుకి కబురు అందదు. బండి అమ్మిన పెద్దావిడకి ఫోను చేస్తే, "అవును, ఆ రోజు దారిలో కర్ర పనిచేయడం మానేసిందని మా ఆయన ఎలాగో ఇంటిదాకా తెచ్చి లోపలికి తోయించాడు" అంది. పదకొండేళ్లు ఆ బండి షెడ్డులో ఉన్నది దానికోసమే. కొత్త కప్లింగు ఖరీదు ఒక బిర్యానీ అంత.

మిగతాది త్వరగానే అయింది. పాత నూనె తీసి రెండున్నర లీటర్లు కొత్తది పోశాను. ప్లగ్గులు పెట్టకుండానే ఆయిలు లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాను. తర్వాత ప్లగ్గులు బిగించాను. మూడోసారికి అందుకుంది. పొగకి పక్కింటాయన కిటికీలు మూసుకున్నాడు.

మామయ్యకి వీడియో కాల్ చేసి ఇంజను చప్పుడు వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. చెవి ఫోనుకి ఆనించి కాసేపు విని, "ఒక ట్యాపెట్ కొట్టుకుంటోంది, చల్లారాక గ్యాపు చూసుకో" అన్నాడు. ఇవాళ పొద్దున వాల్వు దగ్గరుండే ఆ సందులో 0.15 మిల్లీమీటర్ల రేకు గేజి పెట్టి చూశాను. మూడో సిలిండరుది.