నా సీట్లో సిమెంటు బస్తా

లద్దాఖ్‌లో, నుబ్రా లోయలోని డిస్కిట్ బస్టాండులో రుమాలు వేసి పట్టుకున్న సీటు. టీ తాగి వచ్చేసరికి దాంట్లో సిమెంటు బస్తా కూర్చుని ఉంది. పక్క సీటు మీదా, కాళ్ళు పెట్టుకునే చోటా మరో మూడు. నా రుమాలు చక్కగా మడతపెట్టి బస్తా మీద పెట్టారు, అదో మర్యాద. వైజాగ్ కాంప్లెక్సులో రుమాలుకి ఉండే విలువ నుబ్రాలో లేదన్నమాట.

పైన వేయించొచ్చు కదా అని కండక్టర్‌ని అడిగాను. పైన ఖాళీ లేదు, మబ్బు పట్టింది, తడిస్తే బస్తా రాయైపోతుంది అన్నాడు. నేను తడిస్తే ఏమైపోతానో అతనికి అక్కర్లేదు. అప్పటికే నాకు చిరాగ్గా ఉంది. నేను వెళ్ళాల్సిన సరిహద్దు ఊరు తుర్తుక్‌కి టాక్సీ అంటే ఆరు వేలు చెప్పారు. ముందురోజు ఖార్దుంగ్‌లా కనుమ మీద మ్యాగీకి వంద తీసుకున్నారు. (ఖార్దుంగ్‌లా గురించి ఇంకేమీ రాయను. బోర్డు దగ్గర ఫొటోకి క్యూ, తలనొప్పి, అంతే.) అందుకని గట్టిగానే మాట్లాడాను. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు వెనకనుంచి వచ్చి, కండక్టర్‌తో బాల్టీ భాషలో ఏదో చెప్పి, నా సీట్లో బస్తాని తనే దింపి టీ కొట్టు అరుగు మీద పెట్టి వచ్చారు. నేను కూర్చున్నాను. గెలిచాననుకున్నాను.

ఆయన పక్క సీట్లో ఉన్న బస్తా మీదే కూర్చున్నారు. నాకంటే అడుగు ఎత్తులో, ఏనుగు అంబారీ ఎక్కినట్టు.

హుందర్ దగ్గర ఒంటెల కోసం వచ్చినవాళ్ళు దిగిపోయారు. అక్కడినుంచి షియోక్ నది పక్కనే దారి. చెక్‌పోస్టు దగ్గర పర్మిట్ జిరాక్సు ఒకటిచ్చాను, రెండో చోట ఇంకోటి, మూడో చోటికి నా దగ్గర జిరాక్సులు అయిపోయి మళ్ళీ టెన్షన్. పెద్దాయన జేబులోంచి ఎండు ఖుబానీలు తీసి చేతిలో పోశారు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా తినడమే కానీ, గింజ పగలగొట్టి లోపలి బాదం లాంటి పప్పు కూడా తింటారని తెలీదు. ఆయన బూటు కింద పెట్టి నలక్కుండా పగలగొట్టి చూపించారు. అప్పటికి నా కోపం సగం తగ్గింది. హిందీలో మాటలు కలిశాయి. నేను చాచా అన్నాను, ఆయన బేటీ అన్నారు.

సిమెంటు ఇంటికా అన్నాను. కాదు, బడికి.

ఊరి బడి గోడలకి రాయి కొండే ఇస్తుంది. పైకప్పుకి వాళ్ళ పొలం గట్ల మీది చెట్ల దూలాలు, వాటిమీద సన్న కొమ్మలు, పైన మట్టి. ఇవేవీ కొనక్కర్లేదు. కానీ ఆడపిల్లల మరుగుదొడ్డికి గచ్చు కావాలి, గుంతకి లోపల పూత కావాలి. దానికి మట్టి పనికిరాదు. సిమెంటేమో ఖార్దుంగ్‌లా దాటి రావాలి, లారీ కిరాయి దాని ధరలో కలిసే వస్తుంది. పైగా కట్టుకోవడానికి ఉన్నది వేసవి నెలలే. చలి ముదిరాక కలిపితే సిమెంటు గట్టిపడకముందే నీళ్ళు గడ్డకడతాయి, వసంతంలో గచ్చు పొడిపొడిగా లేచిపోతుంది. మేం వెళ్ళింది సెప్టెంబరు చివర. మనవరాలు ఏడో తరగతి, ఈ ఏడు కాకపోతే మళ్ళీ ఎండలొచ్చేదాకా ఆగాలి అన్నారు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. పాడేరు అవతల ఏకోపాధ్యాయ పాఠశాల. రేకులు ఊరివాళ్ళే కావిళ్ళతో మోసుకెళ్ళారు. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చినాయన జీపు దిగి రెండు ఫర్లాంగులు నడిచినందుకే ఆయాసపడి, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాన్న పదకొండేళ్ళు నడిచాడు. ఆ కొండలు దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి పోతే కథ వేరు. పోలీసులు దిగుతున్నారని మావోయిస్టులు బడులు పేల్చేశారు. బలగాలు బడులు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి కొండల్లో బడి కడితే శాంతి వస్తుందని ఎవరన్నా నాకు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఎవరు కట్టారు?

ఇటువైపు కొన్ని కట్టింది సైన్యం. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత లద్దాఖ్ సరిహద్దు ఊళ్ళమీద అనుమానం ముసురుకున్న రోజుల్లో, ఆపరేషన్ సద్భావన పేరుతో గుడ్‌విల్ స్కూళ్ళు తెరిచారు. కొండకి అటువైపు, పాకిస్తాన్ చేతిలోని బాల్టిస్తాన్‌లో, గ్రెగ్ మోర్టెన్సన్ అనే అమెరికన్ 1993లో కే2 శిఖరం ఎక్కలేక దిగొచ్చి, కోర్ఫే అనే ఊళ్ళో బడి కట్టిస్తానని మాటిచ్చాడు, కట్టించాడు. బడులతో శాంతి అన్న మాట ప్రపంచమంతా పాకడానికి ఆయనా ఒక కారణం. 2012లో అమెరికాలోని మోంటానా రాష్ట్రం ఆయన సంస్థ డబ్బు వాడకం మీద విచారణ జరిపాక, తన సంస్థకే పది లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ చదువంతా బుర్రలో పెట్టుకుని, పండితురాలిలా అడిగాను: బడులు కడితే శాంతి వస్తుందంటారు, మీరేమంటారు చాచా?

ఆయన బదులు చెప్పలేదు. బోగ్‌దాంగ్ దాటింది. ఇంకాసేపటికి చలుంకా వచ్చింది. చలుంకా, తుర్తుక్, త్యాక్షి, థాంగ్. 1971 డిసెంబరులో ఈ నాలుగు ఊళ్ళూ పాకిస్తాన్ నుంచి ఇండియాలోకి వచ్చాయి. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్న ఇక్కడ లేచారని ఇక్కడికొచ్చిన ప్రతివాడూ రాస్తాడు. ఇదిగో, నేనూ రాశాను. 2010 దాకా మనలాంటివాళ్ళని రానివ్వలేదు కాబట్టి ఆ ముచ్చట ఇంకా పాతబడలేదు.

అప్పటికి చాచాకి ఆరేళ్ళు. అన్నకి పద్నాలుగు. ఊళ్ళో పై చదువు లేదని అన్నని అటువైపు పట్నం స్కర్దూకి పంపారు, చలికాలం సెలవులకి వస్తాడని అమ్మ రొట్టెల పిండి విసిరి పెట్టింది. సెలవులకి ముందే సరిహద్దు వచ్చింది.

"బడి ఇక్కడే ఉంటే వెళ్ళేవాడు కాదు కదా," అన్నారాయన. అంతే. నేనడిగిన దానికి అది జవాబో కాదో నాకు తెలీదు.

తర్వాత ఫోన్ తీసి చూపించారు. వాట్సాప్‌లో ముసలాయన, అదే గడ్డం, అదే ముక్కు. సిగ్నల్ ఉన్నరోజు వీడియోలో మాట్లాడుకుంటారట. ఏం మాట్లాడతారు అంటే, "మోకాళ్ళ గురించి," అని నవ్వారు. అమ్మ మాత్రం ఫోన్లు రాకముందే పోయింది.

తుర్తుక్‌లో నా గెస్ట్‌హౌస్ గురించి, రాజుగారి పాత ఇంటి గురించి వేరే ఎవరైనా బాగా రాసే ఉంటారు. నేను చెప్పాల్సింది బస్సు దిగిన పది నిమిషాల సంగతి. రోడ్డు పక్క ఒక అమ్మాయి చక్రం బండి పట్టుకుని నిలబడి ఉంది, తలకి ముసుగు, యూనిఫాం మీద స్వెట్టరు. చాచాతో కలిసి బస్తాలు దించాను. యాభై కేజీలంటే ఏమిటో చేతులకి తెలిసింది. మూడూ బండి పక్కన చేరాయి. అమ్మాయి బస్సులోకి తొంగిచూసింది, సీట్ల కింద వెతికింది, తాతవైపు తిరిగి నాలుగు వేళ్ళు చూపించి ఏదో అడిగింది.

చాచా నావైపు చూడలేదు. బస్తా సర్దుతూ బాల్టీలో బదులు చెప్పారు. అందులో నాకు అర్థమైనవి రెండే మాటలు: "దుకాన్ బంద్."